డ్రమ్ము బ్రేకులు తీసేయాలా, బాగు చేయించాలా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఎప్పటినుంచో ఉన్న సరదా కొద్దీ పోయిన ఏడాది 1965 షెవర్లే సీ10 పికప్ కొన్నాను. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఈ మధ్య పెడల్ బాగా కిందికి పోతోంది, రెండుసార్లు కొడితే గానీ బ్రేక్ పట్టడం లేదు. గట్టిగా నొక్కితే బండి కుడివైపు లాగుతోంది. వెనక చక్రాల దగ్గర గీరుతున్నట్టు శబ్దం కూడా మొదలైంది. ఇక్కడి షాపులో చూపిస్తే "ఈ పాత బ్రేకులతో ఎందుకు తంటా, నాలుగు చక్రాలకూ డిస్కులు వేసేద్దాం" అన్నారు. విజయవాడ నుంచి వచ్చిన మా మామగారు ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లారీల పని చేసినవారు. ఆయనేమో "డిస్కులూ వద్దు, ఏమీ వద్దు. లైనర్లు మార్చి, డ్రమ్ములు లేత్ పట్టించి, ఎయిర్ కొట్టి బిగిస్తే చాలు, నేను దగ్గరుండి చేయిస్తా" అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వసంతంలో టెక్సస్ కొండ ప్రాంతం హిల్ కంట్రీ వైపు వెళ్లాలని కూడా అనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ఎవరి మాట వినాలన్నది తర్వాత చూద్దాం. గీరుతున్న శబ్దం వస్తోందన్నారు కాబట్టి ముందు బండిని ఆపేయండి. షాపుకి తీసుకెళ్లాలన్నా టో ట్రక్కు మీదే పంపండి. డ్రమ్ము లోపల వంపు తిరిగిన ఇనుప షూలు ఉంటాయి, వాటి మీద బిగించిన రాపిడి పొరే లైనర్. ఆ లైనర్ అరిగిపోయి, దాన్ని పట్టి ఉంచే రివెట్ల తలలో, షూ ఇనుమో నేరుగా డ్రమ్ముకు రాసుకుంటే వచ్చే శబ్దం అది. అలా నడిపే ప్రతి మైలూ డ్రమ్ము లోపలి గోడను చెక్కేస్తుంది. ఇవాళ లేత్ మీద పట్టిస్తే సరిపోయే డ్రమ్ము వచ్చే వారానికి పనికిరాకుండా పోవచ్చు. పైగా 1965 బండిలో బ్రేక్ ఆయిల్ మొత్తానికీ ఒకే గది ఉంటుంది. అరిగిన చోట షూలని నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్ హద్దు దాటి బయటికొచ్చి ఆయిల్ కారిపోయిందంటే వెనక బ్రేకులతో పాటు ముందువీ పోతాయి. ఇక మిగిలేది పార్కింగ్ బ్రేక్ ఒక్కటే. అది కూడా అరిగిపోయిన ఆ వెనక షూల మీదే పనిచేస్తుంది.

ఇంకో సంగతి. టెక్సస్‌లో సొంత వాహనాలకు ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌ను 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. మీ వైపు కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది కానీ, అది 24 ఏళ్ల లోపు బండ్లకే. అంటే మీ పికప్ చక్రం విప్పి చూడమని ఇక మిమ్మల్ని అడిగేవాళ్లెవరూ లేరు. ఆ పని మీరే పూనుకుని చేయించుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. మీ మామగారి మాట ముప్పాతిక వంతు సరైనది. మిగతా పావు వంతులో ఒక ప్రమాదం ఉంది, దాని సంగతి కింద చెప్తాను. షాపువాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది మీ సమస్యకు జవాబు కాదు. ఏది అరిగింది, ఏది కారుతోంది, ఏది బిగుసుకుపోయింది అని చూడకుండానే అన్నీ పీకేసి కొత్తవి పెడదామంటే, అసలు లోపం పాత పైపుల్లోనో రబ్బరు హోస్‌లోనో ఉన్నప్పుడు కొత్త డిస్కులకి కూడా అదే రోగం అంటుకుంటుంది.

మీరు చెప్పిన మూడు లక్షణాలూ మూడు వేర్వేరు చోట్లకి దారి చూపిస్తున్నాయి. పెడల్ రెండోసారికి పైకి వస్తోందంటే షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరిగిందనే ఎక్కువగా అనుమానించాలి. మొదటిసారి నొక్కినప్పుడు ఆయిల్ ఆ ఖాళీని పూడ్చడానికే సరిపోతుంది, రెండోసారి నొక్కినప్పుడు గానీ పట్టు రాదు. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉన్నట్టు. పెడల్ మీద కాలు అలాగే అదిమి ఉంచినప్పుడు మెల్లగా కిందికి జారిపోతూ, బయట ఎక్కడా తడి కనబడకపోతే పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయినట్టు. ఇంజన్ ఆపి, బండి నిలబెట్టి, ఒక నిమిషం కాలు పెట్టి చూస్తే ఈ తేడా మీకే తెలిసిపోతుంది.

కుడివైపు లాగడం అనగానే అందరూ కుడి చక్రం మీద పడతారు. చాలాసార్లు తప్పు ఎడమవైపు ఉంటుంది. కుడి బ్రేక్ తన పని తాను చేస్తుంటే ఎడమది చేయడం లేదు, అందుకే బండి కుడికి తిరుగుతుంది. ఎడమ వీల్ సిలిండర్ తుప్పుపట్టి బిగుసుకుందా, లైనర్ మీద ఆయిల్ పడిందా, ఎడమ రబ్బరు హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుపోయిందా అని చూడండి. ఈ హోస్ సంగతి చాలామంది పట్టించుకోరు. బయటికి నిక్షేపంగా కనబడుతుంది, లోపల రబ్బరు ఉబ్బి ఆయిల్‌ని వెళ్లనివ్వదు. ఒక్కోసారి వెళ్లిన ఆయిల్‌ని వెనక్కి రానివ్వదు, అప్పుడు బ్రేక్ పట్టేసి ఉండిపోయి డ్రమ్ము కాలిపోతుంది. ముందు చక్రాలకు రెండు, వెనక ఇరుసుకు ఒకటి, మూడు హోసులూ కలిపి చవకలో వస్తాయి. వయసు తెలియని హోస్‌ని పరీక్షించడం కన్నా మార్చేయడమే మేలు.

విప్పేటప్పుడు కొన్ని జాగ్రత్తలు చెప్తాను, మామగారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి. ఆ కాలపు కొన్ని అమెరికా బండ్లకు ఎడమవైపు చక్రాల నట్లు తిరగబడిన మరలతో ఉంటాయి, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తాయి. స్టడ్ కొన మీద ఎల్ అక్షరం ఉందేమో చూసి పానా వేయండి. బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద దించండి. వెనక డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదొద్దు. షూలు చెక్కిన గాడి వల్ల డ్రమ్ము అంచున గట్టులా మిగిలి ఉంటుంది, షూలు దానికి తగులుకుని ఆపుతాయి. షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీని సరిచేసే పళ్ల చక్రం, స్టార్ వీల్‌ని వెనక్కి తిప్పి షూలు లోపలికి పోయాక లాగండి. ముందు డ్రమ్ము హబ్‌తో సహా వస్తే ఎలాగూ బేరింగులు చేతికొస్తాయి కాబట్టి కడిగి, కొత్త గ్రీజు, కొత్త సీలు వేయించండి. డ్రమ్ము తీసి ఉన్నప్పుడు పెడల్ తొక్కకండి, పిల్లల్ని కూడా క్యాబ్‌లోకి ఎక్కనివ్వకండి. తొక్కితే పిస్టన్లు బయటికి ఊడిపడతాయి. రెండు పక్కలా ఒకేసారి విప్పేయొద్దు. ఒక పక్క బిగించాకే రెండోది విప్పితే, ఏ స్ప్రింగు ఎక్కడుండాలో చూసుకోవడానికి ఒక నమూనా ఉంటుంది. ఫోన్‌లో ఫోటోలు ఎలాగూ తీస్తారు, అయినా ఎదురుగా ఉన్న నమూనాకి ఫోటో సాటిరాదు.

ఇప్పుడు మామగారితో మీరు గొడవపడాల్సిన విషయం. ఎయిర్ కొట్టడం, అంటే గాలి పైపుతో దుమ్ము ఊదేయడం. వద్దే వద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ (రాతినార) ఉండే అవకాశం ఎక్కువ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1989లోనే ఆస్బెస్టాస్ ఉత్పత్తులను చాలావరకు నిషేధించింది. 1991లో కోర్టు ఆ నిషేధంలో ఎక్కువ భాగం కొట్టేసింది. బ్రేక్ లైనర్లతో సహా క్రిసోటైల్ రకం ఆస్బెస్టాస్ మీద మళ్లీ నిషేధం ప్రకటించింది 2024 మార్చిలో. ఈ మధ్యకాలంలో వేసిన లైనర్లు కూడా ఏ రకమో కంటితో చూసి చెప్పలేం. కాబట్టి ఆ డ్రమ్ములోని నల్లటి పొడిని ఆస్బెస్టాస్ అనుకునే పని మొదలుపెట్టండి. ఆ పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేది ఎన్నో ఏళ్ల తర్వాత. ఆటోనగర్‌లో అందరూ ఎయిర్ కొట్టారు, ఏం కాలేదు అని ఆయన అనొచ్చు. అప్పట్లో ఎవరికీ చెప్పినవాళ్లు లేరు, అంతే. కింద ట్రే పెట్టి, సబ్బు నీళ్లో, నీటితో చేసిన బ్రేక్ క్లీనరో మెల్లగా పోస్తూ పొడి లేవకుండా తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డల్ని మందపాటి కవర్లో మూట కట్టండి. గుడ్డ మాస్కు చాలదు, పీ100 ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. ఆ బట్టల్ని ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు. ఈ ఒక్క విషయంలో పెద్దాయన మాట కాదన్నందుకు బాధపడకండి.

దుమ్ము వదిలాక లోపల చూడాల్సినవి చాలా ఉన్నాయి. రివెట్ లైనర్ అయితే రివెట్ తల పైన కనీసం అంగుళంలో 32వ వంతు మిగలాలి. అతికించిన లైనరైతే అంగుళంలో 16వ వంతు, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. మీ శబ్దాన్ని బట్టి వెనకవి ఈ హద్దు దాటే ఉంటాయి. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు కొద్దిగా ఎత్తి చూడండి. లోపల తడి ఉంటే అది కారుతున్నట్టే. వెనక చక్రాల్లో ఇంకో అనుమానం, ఇరుసు సీలు కారి గేరాయిల్ రావడం. జిడ్డుగా, చిక్కగా, ఘాటుగా గంధకం వాసన వస్తే అది గేరాయిల్. ఏదైనా సరే, తడిసిన లైనర్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ వాడే ఆలోచన వద్దు. లోపలికి ఇంకిన ఆయిల్ వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. ఒక పక్క పాడైనా రెండు పక్కలా మార్చాలి, లేకపోతే మళ్లీ ఒక పక్కకి లాగుతుంది.

ఈ బండి బ్రేక్ ఎలా పట్టుతుందో తెలిస్తే షూల అమరికలో తప్పు జరగదు. చక్రం ముందుకి తిరుగుతుంటే డ్రమ్ము ముందు షూని తనతో పాటు కిందికి లాక్కెళ్తుంది. ఆ షూ కింద ఉన్న స్టార్ వీల్ ద్వారా వెనక షూని నెడుతుంది, వెనక షూ పైన ఉన్న యాంకర్ పిన్నుకి ఆనుకుని డ్రమ్ముని గట్టిగా పట్టుకుంటుంది. అంటే బండి వేగమే బ్రేక్‌కి సాయం చేస్తుంది. కాలి ఒత్తిడిని పెంచే బూస్టర్ లేకుండానే అంత బరువున్న పికప్‌ని ఆపగలిగేది అందుకే. పని ఎక్కువ వెనక షూదే కాబట్టి దాని లైనర్ పొడుగ్గా ఉంటుంది. పొట్టి లైనర్ షూ బండి ముందు వైపుకి, పొడుగుది వెనక వైపుకి. ఇది తారుమారు చేసి బిగించిన బండ్లు కోకొల్లలు. మీ బండికి కుడివైపు లాగడం కొన్న నాటి నుంచే ఉంటే, ఎవరో ఒక పక్క ఇలా తిరగేసి ఉండొచ్చు. ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉన్న బ్రేకులైతే స్టార్ వీల్ కుడి ఎడమలు కూడా మారకూడదు. మారితే రివర్స్‌లో బ్రేక్ వేసినప్పుడల్లా బిగించాల్సింది పోయి వదులు చేసుకుంటూ పోతుంది, మళ్లీ ఇదే కిందికి పోయే పెడల్ దాపురిస్తుంది.

షూలు ఆనుకుని జరిగే చోట బ్యాకింగ్ ప్లేట్ (షూల వెనకుండే ఇనుప పళ్లెం) మీద చిన్న చిన్న మెట్టలు ఉంటాయి. అరవై ఏళ్ల రాపిడికి వాటిలో గాళ్లు పడతాయి. షూ ఆ గాడిలో చిక్కుకుని ఒకసారి పట్టి, ఒకసారి పట్టక సతాయిస్తుంది. కొత్త లైనర్లు వేసినా బ్రేక్ సరిగా లేదని మొత్తుకునేవాళ్లలో చాలామందికి ఇదే కారణం. అక్కడ వెల్డింగ్ నింపి, సాపు చేసి, వేడికి తట్టుకునే గ్రీజు పల్చగా రాయాలి. స్ప్రింగులు పాతవే వేయొద్దు. వేడికి బిగువు పోతుంది. పూర్తి స్ప్రింగ్ కిట్టు దొరుకుతుంది, కొనండి.

డ్రమ్ము విషయం కొలతతో తేలాలి, కంటితో కాదు. మీ పికప్ డ్రమ్ము లోపలి వ్యాసం కొత్తగా ఉన్నప్పుడు 11 అంగుళాలు. లేత్ మీద పట్టించడానికి మామూలుగా ఇచ్చే హద్దు 60 థౌ (ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 11.060 అంగుళాల వరకే. కొత్త డ్రమ్ముల మీద హద్దు అంకె పోసి ఉంటుంది, ఆ కాలపు వాటి మీద ఉండకపోవచ్చు. డ్రమ్ము మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలిపించండి. గుండ్రం తప్పిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. లేత్ పట్టాక హద్దు దాటేదయితే ఆ డ్రమ్ము పక్కన పడేయడమే. పల్చబడ్డ డ్రమ్ము వేడిని దాచుకోలేదు, త్వరగా సాగి షూలకి దూరమవుతుంది, పగుళ్లు వస్తాయి. "ఇంకో కోత పడుతుందిలే" అని మామగారు అన్నా ఒప్పుకోకండి. లారీ డ్రమ్ముల మందం వేరు. నీలి మచ్చలు, వెంట్రుక కన్నా లోతైన పగుళ్లు కనిపించినా అంతే సంగతి. డ్రమ్ములు కూడా జతగానే, ఎడమా కుడీ ఒకే కొలతకి రావాలి. ఒక చిక్కు ఉంది. డ్రమ్ము పెద్దదయ్యాక కొత్త షూ వంపు దానికి సరిపోదు, లైనర్ మధ్యలో మాత్రమే ఆనుతుంది. పూర్వం లైనర్‌ని డ్రమ్ముకి తగ్గట్టు సానపట్టేవారు. ఆ పొడి భయంతో ఇక్కడ ఆ మిషన్లు చాలావరకు మూలనపడ్డాయి. అందుకే హద్దుకి దగ్గరగా ఉన్న డ్రమ్ముని కాపాడుకోవడం కన్నా కొత్తది కొనడం నాకు నచ్చే దారి. సీ10కి ఇప్పటికీ కొత్త డ్రమ్ములు దొరుకుతున్నాయి.

డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే మొదట మాస్టర్ సిలిండర్ మీద పెట్టండి, డిస్కుల మీద కాదు. జనరల్ మోటార్స్ 1967 మోడళ్ల నుంచి ముందు చక్రాలకు ఒక గది, వెనక చక్రాలకు ఒక గది ఉన్న మాస్టర్ సిలిండర్ ఇచ్చింది. ఒకటి కారినా రెండోది బండిని ఆపుతుంది. మీ బండికి డ్రమ్ములు ఉంచుకుంటూనే ఈ రకం అమర్చుకోవచ్చు. కొనేటప్పుడు నాలుగూ డ్రమ్ములున్న బండికి చేసినదే అడగండి. డ్రమ్ము లైన్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిచి ఉండాలి, డిస్కు లైన్లో అంత ఒత్తిడి ఉంటే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. ఆ లోపలి వాల్వు తేడా పైకి కనబడదు. సిలిండర్ బోరు కూడా పాతదానికి సమానంగా ఉండాలి. పెద్దది వేస్తే పెడల్ రాయిలా ఉంటుంది. పెడల్ కడ్డీకి చివర కొంచెం ఆట వదలకపోతే వేడెక్కిన ఆయిల్ వెనక్కి రాలేక బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. తుప్పుపట్టిన స్టీలు పైపుని మధ్యలో కోసి నట్టుతో అతికే పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు. ఆ పైపు మొత్తం మార్చి, కొనని డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా వెడల్పు చేయడం) చేయించాలి.

ఇక డిస్కులు. వాటికి ఉన్న గొప్పదనం ఉంది. కొండ దిగుతూ వరసగా బ్రేక్ వేస్తే డ్రమ్ము వేడికి సాగుతుంది, షూ అందుకోలేక పట్టు తగ్గుతుంది. నీళ్లలో దిగి వచ్చాక కూడా అంతే. డిస్కులకి ఈ బాధ చాలా తక్కువ. షెవర్లే కూడా 1971 నుంచి ఈ తరగతి పికప్‌లకు ముందు డిస్కులు మామూలుగా ఇచ్చింది, వెనక డ్రమ్ములే ఉంచింది. కాబట్టి నాలుగింటికీ డిస్కులన్న మాట నాకు అతిగా అనిపిస్తోంది. రోజూ ఆఫీసుకి వెళ్లి వచ్చే బండి, ట్రైలర్ లాగే బండి అయితే ముందు చక్రాలకి డిస్కుల గురించి ఆలోచించండి. అప్పుడు దానితో పాటు బూస్టరు, వేరే మాస్టర్ సిలిండర్, వెనక ఒత్తిడిని అదుపు చేసే వాల్వు కూడా లెక్కలో వేసుకోవాలి. కొన్ని కిట్లకి చక్రాలూ మారతాయి. ఆ వాల్వు పికప్‌కి మరీ ముఖ్యం. వెనక తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు వెనక బరువు ఉండదు. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. మీలా వారాంతపు షికార్లకైతే సరిగా సెట్ చేసిన డ్రమ్ములు చాలు. హిల్ కంట్రీ ఏటవాలుల్లో సెకండ్ గేర్‌లోనే దిగండి. మీ ముందున్న బండికి మామూలు కన్నా రెట్టింపు దూరం వదలండి. ఈ దూరం గురించి ఐ-35 హైవే మీద చెప్పడం తేలిక, పాటించడం కష్టం. మధ్యలోకి ఎవడో ఒకడు దూరుతూనే ఉంటాడు.

అన్నీ బిగించాక డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్త డబ్బా తెరిచి పోయండి. తెరిచి ఉంచిన డబ్బా గాలిలో తేమ పీల్చుకుంటుంది కనుక పాతది వద్దు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ని దీనితో కలపకూడదు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది. గాలి తీయడం మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రండి: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. స్టార్ వీల్‌ని చక్రం బిగుసుకునేదాకా తిప్పి, సన్నగా రాసుకునే శబ్దం మాత్రమే మిగిలేలా వెనక్కి వదలండి. తర్వాత ఖాళీ రోడ్డులో గంటకి 30 మైళ్ల వేగం నుంచి ఒక మోస్తరుగా బ్రేక్ వేస్తూ, మధ్యమధ్యలో చల్లారనిస్తూ లైనర్లని డ్రమ్ముకి అలవాటు చేయాలి. అది అయ్యాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఎడమ, కుడి డ్రమ్ముల వేడి పోల్చి చూడండి. ఒకటి చల్లగా ఉందంటే అది పని చేయడం లేదు. కొద్ది రోజులకి లైనర్లు సర్దుకుని పెడల్ మళ్లీ కొంచెం దిగుతుంది, అప్పుడు ఇంకోసారి అడ్జస్ట్ చేయాలి. దాన్ని చూసి కంగారు పడొద్దు.

కొత్త షూలు కొన్నప్పుడు దుకాణంలో కోర్ ఛార్జ్ అని కొంత డబ్బు పట్టుకుంటారు, పాతవి తెచ్చిస్తే తిరిగి ఇస్తారు. ఆ డబ్బుకి తొందరపడి పాతవి వెంటనే ఇచ్చేయకండి. కొత్తవాటి రంధ్రాలు, వెడల్పు, పార్కింగ్ బ్రేక్ లివర్ కూర్చునే చోటు పాతవాటితో పక్కపక్కన పెట్టి సరిచూసుకుని, బండి రోడ్డెక్కి తిరిగాకే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు తడిపి, కవర్లో మూసి ఇవ్వండి.